జోసెఫ్ హ్యాంక్స్ వీలునామాలో ఉన్న నాన్సీ ఎవరు? అమెరికా తొలితరం కుటుంబాలు, పాత కాగితాలు

కృష్ణ_ఒడ్డు

అందరికీ నమస్కారం. మా కోడలిది కెంటకీ. వాళ్ల నాన్నగారి వైపు పూర్వీకులు 1790ల్లో వర్జీనియా నుంచి కొండలు దాటి వచ్చారని ఇంట్లో అనుకుంటారు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. మనవరాలు పుట్టాక రెండు వైపులా వంశవృక్షం రాసిపెట్టాలని ఆ అమ్మాయి పట్టుబట్టింది. మా వైపుది పెదనాన్నగారు రాసిన పుస్తకంలో ఉంది కాబట్టి చిక్కు లేదు. వాళ్ల వైపు వెతికితే 1800 తర్వాత కాలానికి చెందిన ఒక వీలునామా నకలు దొరికింది. అందులో కొందరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. ఒక కూతురి పేరు, మా కోడలి పూర్వీకుల్లో ఒకామె పేరు ఒకటే. ఇంటిపేరు కలిసింది, కౌంటీ కలిసింది, వయసు కూడా ఇంచుమించు కలుస్తోంది.

ఇక ఆయనే మూలపురుషుడని రాసేయవచ్చా? అబ్రహాం లింకన్ తల్లి విషయంలో కూడా ఇలాంటి వీలునామా దగ్గరే పెద్ద పేచీ వచ్చిందని విన్నాను. ఆ సంగతి తెలిసినవాళ్లు వివరంగా చెబితే నాకు దారి దొరుకుతుంది.

లైబ్రరీ_అక్క

కృష్ణ ఒడ్డు గారూ, రాసేయకండి. కాస్త ఆగండి. మీరు అడిగిన వీలునామా జోసెఫ్ హ్యాంక్స్ అనే రైతుది. కెంటకీలోని నెల్సన్ కౌంటీలో 1793 జనవరి 9న రాశారు, అదే ఏడాది మే 14న కోర్టులో రుజువైంది. చాలా చిన్న కాగితం, కానీ నాకు ఎంతో ఇష్టమైన కాగితం. ఎందుకంటే ఆ ఇంట్లో ఉన్న పశువులన్నీ పేర్లతో సహా అందులో కనిపిస్తాయి.

పెద్దవాడు థామస్‌కి మేజర్ అనే గుర్రం. జాషువాకి బానీ అనే బూడిదరంగు ఆడగుర్రం. విలియంకి గిల్బర్ట్, చార్లెస్‌కి టోబ్. చిన్నవాడు జోసెఫ్‌కి బాల్డ్ అనే గుర్రంతో పాటు తాము ఉంటున్న 150 ఎకరాల భూమి. కూతుళ్లకు తలా ఒక ఏడాది పెయ్యదూడ. ఎలిజబెత్‌కి జెంటిల్, పాలీకి లేడీ, నాన్సీకి పీడీ. భార్య నానీ బతికినంత కాలం ఆస్తంతా ఆమె చేతిలో ఉండాలి, ఆ తర్వాత పిల్లలందరికీ సమానంగా పంచాలి.

లింకన్ తల్లి పేరు నాన్సీ హ్యాంక్స్. పుట్టింది 1784 ప్రాంతంలో. పెరిగింది కెంటకీలోనే. మీ లెక్క ప్రకారం అయితే ఇక్కడ కూడా అన్నీ కలిసిపోయినట్టే.

వైజాగ్_కుర్రోడు

అక్కా, మరి ఆమే కదా లింకన్ తల్లి? పేరు, ఊరు, కాలం మూడూ కలిశాక ఇంకేం కావాలి? నేను చదివిన ఒకటి రెండు చోట్ల కూడా జోసెఫ్ హ్యాంక్స్ కూతురే అని ఉంది.

లైబ్రరీ_అక్క

అలా రాయడం మొదలైంది 1899లో తమ్ముడూ. కరొలైన్ హ్యాంక్స్ హిచ్‌కాక్ అనే ఆమె ఈ వీలునామాను ఆధారంగా చూపించి, పెయ్యదూడ అందుకున్న నాన్సీయే లింకన్ తల్లి అని ప్రకటించింది. అప్పటికి జనంలో ఇంకో మాట తిరుగుతుండేది. లింకన్ తల్లి నాన్సీ, లూసీ హ్యాంక్స్ అనే అమ్మాయికి పెళ్లి కాకముందు పుట్టిందని. లింకన్‌తో కలిసి ప్రాక్టీస్ చేసిన లాయరు విలియం హెర్న్‌డన్, ఒకసారి బగ్గీలో ప్రయాణిస్తుండగా లింకన్ స్వయంగా తనకీ మాట చెప్పాడని రాశాడు. దేశాధ్యక్షుడి తల్లి గురించి అలాంటి మాట వినడం చాలామందికి కష్టంగా ఉండేది. తల్లీతండ్రీ ఉన్న ఇంట్లో, వీలునామాలో పేరున్న కూతురిగా ఆమె కనిపించేసరికి అందరూ సంతోషంగా ఒప్పేసుకున్నారు.

అయితే జోసెఫ్ కూతురు నాన్సీ వేరే మనిషి అని ఇతర కాగితాలు చెబుతున్నాయి. ఆమె తర్వాత లెవీ హాల్ అనే అతన్ని పెళ్లి చేసుకుంది. లింకన్ బాల్యం గురించి ఎన్నో సంగతులు చెప్పిన డెన్నిస్ హ్యాంక్స్ ఆమె కొడుకే. ఇక లూసీ కూడా జోసెఫ్ కూతురే. అంటే ఆ పెయ్యదూడ వెళ్లింది లింకన్ తల్లికి కాదు, ఆమెకు పిన్ని అయ్యే నాన్సీకి. ఒకే ఇంట్లో అమ్మమ్మ నానీ, పిన్ని నాన్సీ, మనవరాలు నాన్సీ. అసలు నాన్సీ, నానీ రెండూ ఆన్ అనే పేరుకి ముద్దుపేర్లు. పాలీ అంటే మేరీ. మన ఇళ్లలో నానమ్మ పేరు మనవరాళ్లందరికీ పెట్టుకున్నట్టే అక్కడా పెట్టుకునేవారు.

పాత_దస్తావేజు

అమ్మా, చాలా బాగా చెప్పారు. నేను రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసి రిటైరైనవాణ్ణి. నాకు ఒక సందేహం. మీరు చెప్పిన లూసీ జోసెఫ్ గారి కూతురే అయితే, వీలునామాలో ఆమె పేరెందుకు లేదు? పేరు లేదు కాబట్టి కూతురు కాదు అని ఎవరైనా వాదించవచ్చు కదా.

నా అనుభవంలో వీలునామాలో పేరు లేకపోవడానికి ఎన్నో కారణాలు. పెళ్లప్పుడే పసుపుకుంకుమ కింద ఇచ్చేసి ఉండవచ్చు. కోపతాపాలు ఉండవచ్చు. లేదా చివర్లో "పిల్లలందరికీ" అన్న ఒక్క మాటలో ఆమె కూడా వచ్చేసి ఉండవచ్చు. ఉన్న పేరు సాక్ష్యమే గానీ, లేని పేరు సాక్ష్యం కాదని నా అభిప్రాయం.

లైబ్రరీ_అక్క

సరిగ్గా అదే మాస్టారూ. అక్కడ కూడా పెళ్లైన కూతురికి వాటా ముందే ముట్టి ఉంటే వీలునామాలో ఆమెను వదిలేయడం మామూలే. కొందరైతే ఒక షిల్లింగు రాసి ఊరుకునేవారు, మరిచిపోలేదని చూపడానికి.

లూసీ సంగతికి వస్తే, మెర్సర్ కౌంటీలో 1790 ఏప్రిల్ 26 నాటి ఒక పెళ్లి బాండు ఉంది, అంటే పెళ్లికి చట్టపరమైన అడ్డు లేదని వరుడు రాసిచ్చే పూచీకత్తు. వరుడు హెన్రీ స్పారో. దానితో పాటు ఒక చీటీ. తాను మేజరునని, హెన్రీ ఈ రోజైనా ఏ రోజైనా లైసెన్సు తీసుకోవచ్చని, తనకు పూర్తిగా ఇష్టమేనని లూసీ స్వయంగా రాసి ఇచ్చింది. స్పెల్లింగులు నోటికి ఎలా వస్తే అలా ఉన్నాయి. అయినా ఆ రోజుల్లో, ఆ అడవి ప్రాంతంలో, ఎన్నో మాటలు పడిన ఒక ఆడపిల్ల తన పెళ్లికి తానే సమ్మతి రాసుకుంది. తండ్రి సంతకం లేదు. ఆ చీటీని చదివినప్పుడల్లా నాకు ఆమె మీద గౌరవం పెరుగుతుంది. మూడేళ్ల తర్వాత తండ్రి రాసిన వీలునామాలో ఆమె పేరు లేదంటే, అప్పటికి ఆమె స్పారో ఇంటి కోడలు అని గుర్తుంచుకోవాలి.

ఓరుగల్లు_టీచర్

లింకన్ తల్లిదండ్రుల పెళ్లి కాగితం కథ కూడా ఇక్కడ చెప్పాలి, కృష్ణ ఒడ్డు గారికి నేరుగా పనికొస్తుంది.

థామస్ లింకన్, నాన్సీ హ్యాంక్స్ పెళ్లయ్యాక కాపురం పెట్టింది హార్డిన్ కౌంటీలో. అందుకని ఆరా తీసినవాళ్లు ఆ కౌంటీ రికార్డుల్లోనే వెతికారు. ఏమీ దొరకలేదు. దాంతో అసలు పెళ్లే కాలేదన్న పుకారు పుట్టింది. లింకన్ 1865లో చనిపోయేనాటికి కూడా ఆ కాగితం బయటపడలేదు. చివరికి 1878లో వాషింగ్టన్ కౌంటీ క్లర్కు దాన్ని తన ఆఫీసులోనే పట్టుకున్నాడు. 1806 జూన్ 10న రాసిన బాండు. జెస్సీ హెడ్ అనే మతబోధకుడు పెళ్లిళ్లన్నీ వరసగా రాసి కోర్టుకు పంపిన పట్టీలో జూన్ 12న వీళ్ల పెళ్లి జరిగినట్టు ఉంది.

అంటే కాగితం డెబ్బై ఏళ్లు పోలేదు, దాని చోట అది ఉంది. పెళ్లి ఎప్పుడూ ఆడపిల్ల వైపు ఊళ్లో జరుగుతుంది కదా, అక్కడా అంతే. వధువు ఉంటున్న కౌంటీలో బాండు రాసేవారు. మీ కోడలి పూర్వీకురాలి పెళ్లి రికార్డు కోసం భర్త ఊళ్లో కాకుండా, ఆమె పుట్టింటి చుట్టుపక్కల కౌంటీల్లో వెతకండి.

పాత_దస్తావేజు

టీచర్ గారూ, ఆ బాండు మీద ఇంకెవరెవరి సంతకాలున్నాయో తెలుసా? నాకు సాక్షులు, పూచీదారులే ముఖ్యం. అమ్మేవాడు, కొనేవాడు ఎవరైనా కావచ్చు, సాక్షి మాత్రం ఎప్పుడూ దగ్గరి మనిషే.

ఓరుగల్లు_టీచర్

వరుడు థామస్ లింకన్, పూచీగా రిచర్డ్ బెర్రీ. బాండు మొత్తం 50 పౌండ్లు. పెళ్లికి ఏదైనా చట్టపరమైన అడ్డు బయటపడితే ఆ సొమ్ము కట్టాలన్నమాట. బెర్రీ తన పేరు పక్కన సంరక్షకుడు అని రాసుకున్నాడు, స్పెల్లింగు తప్పుగా. నాన్సీ అప్పటికే మేజరు కాబట్టి చట్టం ప్రకారం సంరక్షకుడి అవసరం లేదు. అయినా రాశాడంటే ఆమె పెరిగింది వాళ్ల అండలో అని అర్థం. ఆమె నిజంగా జోసెఫ్ హ్యాంక్స్ కూతురైతే, నానీ కొడుకులందరూ ఉండగా బెర్రీ ఎందుకు సంతకం పెట్టాడు? మీరన్నట్టు పూచీదారు పేరే ప్రశ్న లేవనెత్తుతోంది.

వైజాగ్_కుర్రోడు

ఇది డిటెక్టివ్ కథలా ఉంది. మరి తండ్రి వైపు? లింకన్ వంశం ఇంగ్లండ్ దాకా తెలుసంటారు కదా. అదంతా కూడా వీలునామాలతోనేనా?

లైబ్రరీ_అక్క

తండ్రి వైపు కథలో విశేషం ఏమిటంటే, లింకన్‌కి తన వంశం తెలియదు. 1859 డిసెంబరులో తన స్నేహితుడు జెస్సీ ఫెల్‌కి రాసిన చిన్న ఆత్మకథలో, తాత అబ్రహాం వర్జీనియాలోని రాకింగ్‌హామ్ కౌంటీ నుంచి వచ్చాడని, అంతకుముందు వాళ్లు పెన్సిల్వేనియాలోని బెర్క్స్ కౌంటీ వాళ్లని రాశాడు. మసాచుసెట్స్‌లోని లింకన్ కుటుంబంతో కలపాలని చూస్తే ఈనక్, లెవీ, మోర్డెకాయ్, సాలమన్, అబ్రహాం లాంటి పేర్లు రెండు వైపులా ఉండటం తప్ప ఏమీ తేలలేదని కూడా రాశాడు. అంతకుముందు 1848లో మసాచుసెట్స్‌లోని హింగ్‌హామ్ అనే ఊళ్లో ఉన్న సాలమన్ లింకన్‌తో ఉత్తరాలు నడిపాడు. తండ్రి చిన్నతనంలోనే అనాథై చదువు లేకుండా పెరగడం వల్ల తనకు కుటుంబ చరిత్ర ఇంత తక్కువ తెలుసని అందులో బాధపడ్డాడు.

పేర్లు కలిశాయి, ముడి పడలేదు. ఆ ముడి పడింది ఆయన పోయాక, 1880ల్లో, భూమి దస్తావేజుల వల్ల.

హింగ్‌హామ్ నేతపనివాడు సామ్యూల్ లింకన్ 1637లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ నుంచి వచ్చాడు. ఆయన కొడుకు మోర్డెకాయ్ సిట్యుయేట్‌లో ఇనుము పని చేసేవాడు. ఈ మోర్డెకాయ్ భార్య సారా, హల్ అనే ఊళ్లో ఉన్న అబ్రహాం జోన్స్ కూతురు. లింకన్ల ఇంట్లోకి అబ్రహాం అన్న పేరు ఆ తాతగారి నుంచే వచ్చింది. వాళ్ల కొడుకు, చిన్న మోర్డెకాయ్, 1686లో పుట్టి న్యూజెర్సీ వెళ్లి, అక్కడ హన్నా సాల్టర్‌ని చేసుకుని, తర్వాత పెన్సిల్వేనియాలోని అమిటీకి మారాడు.

ఇప్పుడు ముఖ్యమైన కాగితం. 1748 నవంబరులో పెన్సిల్వేనియా వాసి జాన్ లింకన్ న్యూజెర్సీలోని 300 ఎకరాలు అమ్మాడు. ఆ దస్తావేజులో తాను అమిటీలో ఉండి చనిపోయిన మోర్డెకాయ్ కొడుకునని, ఆ భూమి తండ్రికి రిచర్డ్ సాల్టర్ నుంచి వచ్చిందని రాసి ఉంది. ఈ జాన్ తర్వాత వర్జీనియాలో లిన్‌విల్ క్రీక్ ఒడ్డున స్థిరపడ్డాడు. ఆయన కొడుకే కెప్టెన్ అబ్రహాం, లింకన్ తాత.

పాత_దస్తావేజు

నా ప్రాణం లేచొచ్చిందమ్మా! మా దగ్గర స్థలం కొనేవాడు ఎవరైనా ముందు లింకు డాక్యుమెంట్లు చూపించమంటాడు. ఈ భూమి అమ్మేవాడికి ఎవరి నుంచి, ఎలా సంక్రమించిందో దస్తావేజులో రాయకపోతే కొనేవాడు డబ్బు తీయడు. ఆ పేరాయే వంశవృక్షం. రాసేవాడు వంశం కోసం రాయలేదు, టైటిల్ కోసం రాశాడు, అందుకే దాన్ని నమ్మవచ్చు.

కృష్ణ ఒడ్డు గారూ, మీరు వీలునామా దగ్గరే కూర్చోకండి. ఆయన చనిపోయాక ఆ భూమి ఎవరు ఎవరికి అమ్మారో చూడండి. వారసులందరూ కలిసి సంతకాలు పెట్టిన కాగితం దొరికితే అల్లుళ్ల పేర్లు కూడా వచ్చేస్తాయి.

లైబ్రరీ_అక్క

మాస్టారు చెప్పినదానికి ఒక చేర్పు. అప్పటి చట్టంలో పెళ్లైన ఆడదానికి సొంతంగా ఆస్తి చేతిలో ఉండేది కాదు, భర్త ఒప్పుకోకుండా వీలునామా రాసే వీలూ లేదు. అందుకే ఆడవాళ్ల వీలునామాలు చాలావరకు వితంతువులవి, పెళ్లి కానివాళ్లవి. కానీ భర్త పోతే భూమిలో మూడో వంతు మీద జీవితకాల హక్కు భార్యకు ఉంటుంది. కాబట్టి భర్త భూమి అమ్మేటప్పుడు ఆమె ఆ హక్కు వదులుకుంటున్నట్టు ఒప్పుకోవాలి. భర్త బలవంతం లేదని తేల్చుకోవడానికి అధికారులు ఆమెను పక్కకు పిలిచి విడిగా అడిగేవారు. ఆ విచారణ రాసినచోట భార్య పేరు ఉంటుంది. ఇంకెక్కడా కనపడని ఎందరో ఆడవాళ్ల పేర్లు మనకు మిగిలింది ఆ నాలుగు వాక్యాల్లోనే.

ఓరుగల్లు_టీచర్

చిన్న మోర్డెకాయ్ వీలునామాలో తేదీ చూడండి. ఫిబ్రవరి 22, 1735/6. రెండు సంవత్సరాలు ఎందుకంటే, 1752 దాకా ఇంగ్లండ్‌లోనూ దాని కాలనీల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. వాళ్ల లెక్కలో అది ఇంకా 1735, మన లెక్కలో 1736. ఇది తెలియకపోతే తండ్రి చనిపోయాక ఏడాదికి వీలునామా రాసినట్టో, పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టో కనిపించి కంగారు పడతాం.

అదే వీలునామాలో ఇంకో సంగతి. ఆయన పోయేనాటికి రెండో భార్య మేరీ గర్భవతి. పుట్టబోయేది మగబిడ్డ అయితే అమిటీ భూమిలో అతనికి కూడా సమాన వాటా అని రాశాడు. మగబిడ్డే పుట్టాడు, అబ్రహాం అని పేరు పెట్టారు. వీలునామాలో పేరు లేని మనిషి, కానీ వాటా ఉన్న మనిషి.

ఇంకోటి. అమిటీ అప్పట్లో ఫిలడెల్ఫియా కౌంటీలో ఉండేది. బెర్క్స్ కౌంటీ ఏర్పడిందే 1752లో. రాకింగ్‌హామ్ 1778లో అగస్టా నుంచి విడిపోయింది. కొత్త జిల్లాలు వచ్చాక మన దగ్గర పాత రికార్డులు పాత జిల్లా కేంద్రంలో వెతికినట్టే, అక్కడ తల్లి కౌంటీలో వెతకాలి.

కృష్ణ_ఒడ్డు

మీరందరూ ఇంత ఓపికగా చెబుతుంటే చాలా సంతోషంగా ఉంది. ఒక ప్రశ్న. తాత అంత భూస్వామి అయితే లింకన్ తండ్రి అంత పేదగా ఎందుకు పెరిగాడు? మా కోడలి వాళ్ల ఇంట్లో కూడా ఒక అన్న కుటుంబం బాగా ఉండి, తమ్ముళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు.

పాత_దస్తావేజు

వీలునామా రాయకుండా పోయి ఉంటాడు. అంతేనా అక్కయ్యా?

లైబ్రరీ_అక్క

అంతే మాస్టారూ. కెప్టెన్ అబ్రహాం 1786 మేలో కెంటకీలో తన పొలంలో పని చేస్తుండగా స్థానిక తెగవాళ్ల దాడిలో చనిపోయాడు. వీలునామా లేదు. కెంటకీ అప్పటికి వర్జీనియాలో భాగం. వీలునామా లేకపోతే భూమంతా పెద్దకొడుక్కే వెళ్లాలన్న పాత ఇంగ్లిష్ చట్టం అక్కడ నడుస్తోంది. దాన్ని రద్దు చేసే చట్టం 1785లోనే ఆమోదం పొందింది, కానీ అమల్లోకి వచ్చింది 1787 జనవరి 1న. కొద్ది నెలల తేడా. భూమంతా పెద్దవాడు మోర్డెకాయ్‌కి పోయింది. ఎనిమిదేళ్ల థామస్‌కి ఏమీ రాలేదు. కూలి పనులు చేసి, వడ్రంగం నేర్చుకుని బతికాడు.

లింకన్ తాను విన్నదాన్ని బట్టి తాత 1780ల మొదట్లో వచ్చిన ఏడాది రెండేళ్లకే చనిపోయాడనీ, తండ్రికి అప్పుడు ఆరేళ్లనీ రాశాడు. ఇంట్లో చెప్పుకునే మాటల్లో రెండేళ్లు ఇటూ అటూ కావడం సహజం. కానీ చావు తేదీ తెలియకపోతే ఏ చట్టం వర్తిస్తుందో తెలియదు.

మీ కోడలి వాళ్ల అన్నదమ్ముల తేడాకి ఇదే కారణం కావచ్చు, 1787కి ముందు ఎవరైనా పోయారేమో చూడండి. ఇంటిపేరు స్పెల్లింగు కూడా పట్టించుకోకండి. కెప్టెన్ అబ్రహాం కెంటకీలో 400 ఎకరాలకు తీసుకున్న పట్టాలో ఆయన పేరు అబ్రహాం లింక్‌హార్న్ అని ఉంది. క్లర్కుకి చెవికి వినపడినట్టు రాశాడు.

నల్లమల_గాలి

ఇంతసేపూ చదువుతున్నాను, ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఈ వీలునామాల్లోనే గుర్రాల పక్కన, పరుపుల పక్కన మనుషుల పేర్లు కూడా ఉంటాయి. రాకింగ్‌హామ్‌లో మిగిలిపోయిన లింకన్ బంధువుల ఇళ్లలో బానిసలు ఉండేవారు.

నేను అట్లాంటాలో ఒక చర్చి బృందంతో కలిసి ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలకు ఈ పనిలో సాయం చేస్తుంటాను. వాళ్లకు 1870 జనాభా లెక్కలు మొదటి గోడ. బానిసత్వం పోయాక అందరి పేర్లూ మొదటిసారి రాసింది అప్పుడే. 1850, 1860ల్లో బానిసల పట్టీలు వేరుగా తీశారు గానీ వాటిలో దాదాపు అందరికీ వయసు, లింగం, రంగు మాత్రమే, పేరు లేదు. అంతకు వెనక్కి వెళ్లాలంటే యజమాని వీలునామా, ఆయన ఆస్తి జాబితా, వారసుల పంపకం కాగితాలు తప్ప దారి లేదు. ఒక తల్లి పెద్ద కూతురి వాటాకి, ఆమె బిడ్డ చిన్న కొడుకు వాటాకి వెళ్లిపోయిన పంపకం పత్రాలు చదివాను. వాళ్లిద్దరూ తల్లీబిడ్డలని చెప్పే కాగితం ప్రపంచంలో అదొక్కటే.

మీ కోడలి పూర్వీకుల వీలునామాలో అలాంటి పేర్లు ఉంటే, దయచేసి వాటిని కూడా నకలు రాసి ఎక్కడైనా అందుబాటులో పెట్టండి. ఆ పేర్ల కోసం ఎక్కడో ఎవరో వెతుకుతూ ఉంటారు.

కృష్ణ_ఒడ్డు

నల్లమల గాలి గారూ, ఉన్నాయి. మూడు పేర్లు ఉన్నాయి. మా కోడలికి ఈ మాట చదివి వినిపించాను. వంశవృక్షంతో పాటు ఆ ముగ్గురి పేర్లు, ఎవరి వాటాకి వెళ్లారన్నది కూడా తప్పకుండా పెడతానంది.

నల్లమల_గాలి

ఆ అమ్మాయికి నా తరఫున కృతజ్ఞతలు చెప్పండి.

వైజాగ్_కుర్రోడు

నేను బయోటెక్ చదువుతున్నాను కాబట్టి డీఎన్ఏ సంగతి నేను చెబుతాను. నిన్నంతా దీని గురించే చదివాను. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే బిడ్డకు వస్తుంది, కొడుకుల దగ్గర ఆగిపోతుంది. లింకన్ వంశంలో చివరి మనిషి 1985లో పోయాడు, పైగా లింకన్ మగవాడు కాబట్టి ఆయన పిల్లల నుంచి ఈ పరీక్షకు ఉపయోగం లేదు. అందుకని పరిశోధకులు పక్క కొమ్మలు పట్టుకున్నారు. లూసీ హ్యాంక్స్ కూతుళ్ల కూతుళ్లు, జోసెఫ్ భార్య నానీ ఇతర కూతుళ్ల సంతానం, ఇలా తల్లి వరుసలో ఇప్పుడు బతికున్నవాళ్లని వెతికి పరీక్షించారు. 2015లో ఫలితం వచ్చింది. ఎక్స్1సీ అనే చాలా అరుదైన మైటోకాండ్రియా డీఎన్ఏ గుంపు వాళ్లలో కలిసింది. లూసీ నానీ కూతురే, లింకన్ తల్లి నాన్సీ లూసీ కూతురే అన్నది వాళ్లు తేల్చిన సంగతి. అంటే వీలునామాలో పేరు లేని లూసీ నిజంగా జోసెఫ్ ఇంటి పిల్లే. అక్కాచెల్లెళ్లకూ వాళ్ల కూతుళ్లకూ ఈ డీఎన్ఏ ఒకటే కాబట్టి, వీలునామాలో పేరున్న నాన్సీ లింకన్ తల్లి కాదన్నది మాత్రం అక్క చెప్పిన కాగితాల వల్లే తేలుతుంది.

పాత_దస్తావేజు

శభాష్ నాయనా. అయితే ఒకటి, డీఎన్ఏకి కూడా ముందు కాగితాలే కావాలి. ఎవరి రక్తం తీయాలో తెలిసింది ఆ తల్లుల పెళ్లి బాండ్లు, పంపకం పత్రాలు ఎవరో భద్రంగా ఉంచబట్టే కదా.

కృష్ణ_ఒడ్డు

ఇప్పుడు నా కాగితానికి వస్తాను. అందులో రెండు మాటలు అర్థం కాలేదు. ఒకచోట "ఇప్పటి నా భార్య" అని ఉంది. ఇంకోచోట ఒకతన్ని అల్లుడు అంటున్నాడు, కానీ అతని వయసు చూస్తే కూతుళ్లకంటే చాలా చిన్న. టెన్షన్ అంతా ఇక్కడే.

లైబ్రరీ_అక్క

"ఇప్పటి భార్య" అన్నంత మాత్రాన ముందు ఒకామె ఉండి తీరాలని లేదు. ఇకముందు మళ్లీ పెళ్లి జరిగితే ఆ వచ్చే భార్యకు ఈ వాటా రాకూడదని కూడా లాయర్లు అలా రాసేవారు. ఇంగ్లిషులో అల్లుడికి వాడే సన్-ఇన్-లా అన్న మాటను ఆ రోజుల్లో భార్యకు మొదటి పెళ్లిలో పుట్టిన కొడుకుకి కూడా వాడేవారు, కాబట్టి ఆ కుర్రవాడు సవతి కొడుకు కావచ్చు. అలాగే సీనియర్, జూనియర్ అని ఉంటే తండ్రీకొడుకులని అనుకోకండి. ఒకే ఊళ్లో ఒకే పేరున్న పెద్దవాడు, చిన్నవాడు అంతే, చుట్టరికం లేకపోవచ్చు కూడా.

కెంటకీకి 1790, 1800 జనాభా లెక్కలు మిగల్లేదు. ఆ లోటు తీర్చేది పన్ను పట్టీలు. ఏటా ఎవరికి ఎన్ని ఎకరాలు, ఎన్ని గుర్రాలు, ఇంట్లో పన్ను వయసు మగవాళ్లు ఎందరో ఉంటుంది. మీ వీలునామాలోని కొడుకులు ఏ ఏడాది ఆ పట్టీలోకి వచ్చారో చూస్తే వాళ్ల వయసులు తేలతాయి. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో చాలావరకు ఉచితం. 2024 నుంచి చేతిరాత దస్తావేజుల్లో కూడా పేరు కొట్టి వెతికే వీలు వచ్చింది, సాక్షుల పేర్లతో కూడా వెతకండి.

కృష్ణ_ఒడ్డు

అయితే నా వరస ఇది. ముందు ఆ అమ్మాయి పెళ్లి బాండు కోసం పుట్టింటి కౌంటీ, దాని తల్లి కౌంటీ. తర్వాత తండ్రి పోయాక భూమి అమ్మిన దస్తావేజులు. పన్ను పట్టీలు మా కోడలు చూస్తానంది. వీలునామాలో పేరు మాత్రం చెట్టులో పెన్సిలుతోనే రాసిపెట్టాం. కౌంటీ క్లర్కు ఆఫీసుకి ఈమెయిలు పెట్టాను, బాండు దొరికితే ఫోటో ఇక్కడ పెడతాను. ఆ చేతిరాత చదవడానికి అక్క సాయం కావాలి.

లైబ్రరీ_అక్క

తప్పకుండా పెట్టండి. వెనక వైపు కూడా స్కాన్ చేయమని అడగండి. మడిచిన బాండు వెనక క్లర్కు పేర్లు, తేదీ మళ్లీ రాసేవాడు. ముందు వైపు సిరా వెలిసిపోయినా అక్కడ చదవగలిగేలా ఉంటుంది. సమ్మతి చీటీ ఏమైనా లోపల పెట్టి ఉందా అని కూడా విడిగా అడగండి, అడగకపోతే ఒక్క బాండే పంపుతారు.